ఇన్‌హేలర్ల గురించి కౌంటర్ దగ్గర నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ వైపు ఒక మందుల షాపులో పదిహేనేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. గాజువాక, మల్కాపురం, వన్‌టౌన్, భీమిలి, ఇంకా అవతల పల్లెల నుంచి ఆయాసం మందుల చీటీలు పట్టుకుని రోజూ వస్తారు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటే. చీటీలో మందు సరిగ్గానే ఉంటుంది, డబ్బులు పెట్టి కొంటారు, రోజూ వాడతారు, కానీ అది ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. ఎలా పీల్చాలో చేతిలో పెట్టి చూపించినవాళ్లు లేకపోవడమే దానికి కారణం. అందుకే జనం నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ మందు, ఎంత డోసు అనేది మీ డాక్టరుగారే చెప్పాలి, ఆ పని నాది కాదు.

ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందట కదా?

కాదండీ. అలవాటయ్యే మందు ఏదీ ఇందులో లేదు. ఆస్తమా అంటే ఊపిరి గొట్టాల లోపలి గోడ ఎప్పుడూ కొద్దిగా వాచి ఉండటం. ఆ వాపు ఉన్నన్నాళ్లు మందు కావాలి, మానేస్తే ఆయాసం తిరిగి వస్తుంది, అది చూసి మందుకి అలవాటు పడిపోయాం అనుకుంటారు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరుగుతుంది, దాన్ని అలవాటు అనం కదా. ఉబ్బసం బాగా అదుపులో ఉండి మూడు నెలలు దాటితే డాక్టర్లే డోసు తగ్గించుకుంటూ వస్తారు. చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ ఇబ్బంది తగ్గుతుంది కూడా.

మాత్రలు, సిరప్‌లు ఉండగా ఇదెందుకు?

మందు ఎక్కడ కావాలో నేరుగా అక్కడికే వెళ్తుంది కాబట్టి చాలా తక్కువ సరిపోతుంది. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ అనే మందు స్ప్రే ఒక పఫ్‌లో, అంటే ఒక నొక్కులో, ఉండేది 100 మైక్రోగ్రాములు, అదే పెద్దవాళ్ల మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు. మాత్ర కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరేసరికి ఆలస్యమవుతుంది, ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పిల్లలకు పిల్లికూతల కోసం సాల్బుటమాల్ సిరప్ పోస్తూ ఉండే అమ్మానాన్నలకు నేను చెప్పేది, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు స్పేసర్‌తో స్ప్రే ఇవ్వొచ్చా అని అడగండి. స్పేసర్ అంటే స్ప్రేకి, నోటికి మధ్య పెట్టే ఖాళీ గొట్టం, మందు అందులో ఆగుతుంది, మెల్లగా పీల్చుకోవచ్చు.

రెండు ఇన్‌హేలర్లు రాశారు. రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఎప్పుడు?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, దీని దగ్గరే ఎక్కువమంది పొరబడుతున్నారు. ఒకటి రిలీవర్, ఆయాసం వచ్చినప్పుడు వాడేది. సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ అంటే ఇవే, ఆస్థలిన్, లెవోలిన్ పేర్లతో వస్తాయి. బిగుసుకున్న గొట్టాలను కొద్ది నిమిషాల్లో వదులు చేస్తాయి, నాలుగైదు గంటలు పనిచేస్తాయి, కానీ లోపలి వాపుని ముట్టుకోవు. రెండోది కంట్రోలర్, అంటే బుడెసోనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్, ఒక్కోసారి దాంతోపాటు ఇంకో మందు కలిపి. ఇది వాపు తగ్గిస్తుంది. పీల్చిన వెంటనే ఏ తేడా తెలియదు, వారం రెండు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. తేడా తెలియట్లేదు కాబట్టి జనం దీన్నే ముందు మానేస్తారు.

మా అమ్మ కథ కూడా ఇదే. స్టెరాయిడ్ అన్న మాట విని భయపడి కంట్రోలర్ పక్కన పెట్టేసి, నాలుగేళ్లు రిలీవర్ మీదే నెట్టుకొచ్చింది. ఒక జనవరి రాత్రి మాట పూర్తిగా రాక, మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చున్న ఆమెను ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా ఉదయం, సాయంత్రం కంట్రోలర్ ఒక్కరోజు తప్పలేదు, మళ్లీ ఆసుపత్రిలో చేరే పనీ పడలేదు.

ఇంటికి వెళ్లగానే మార్కర్‌తో ఒకదాని మీద రోజూ అని, రెండోదాని మీద ఆయాసానికి అని రాయండి. రంగుని నమ్ముకోవద్దు, కంపెనీని బట్టి రంగులు మారతాయి.

నాకు రిలీవర్ ఒక్కటే చాలు, బాగానే ఉంది కదా?

నెలకి ఎన్ని సీసాలు కొంటున్నారు? ఇలా అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. 200 పఫ్‌ల రిలీవర్ ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే ఆయాసం పెద్ద దాడిగా వచ్చే ప్రమాదం ఎక్కువ, నెలకొకటి అయిపోతుంటే ప్రాణానికే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే గీనా మార్గదర్శకాలు 2019 నుంచి పెద్దవాళ్లకు, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఆస్తమాని నడిపించొద్దని, పీల్చే స్టెరాయిడ్ కూడా ఉండాలని స్పష్టంగా చెబుతున్నాయి. వారంలో రెండు రోజుల కంటే ఎక్కువ రిలీవర్ అవసరమైనా, రాత్రి దగ్గుతో, ఆయాసంతో నిద్ర లేచినా మీ ఉబ్బసం అదుపులో లేనట్టే. చీటీ లేకుండా మళ్లీ ఒకటి ఇవ్వమని అడిగేవాళ్లను నేను కాసేపు నిలబెట్టి ఇదే చెబుతాను, కొందరికి కోపం వస్తుంది, ఫర్వాలేదు.

ఒకే ఇన్‌హేలర్ రోజూ వాడమన్నారు, ఆయాసం వచ్చినా అదే పీల్చమన్నారు. డాక్టర్ పొరపాటున చెప్పారా?

పొరపాటు కాదు. బుడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసినవి, ఫోరాకార్ట్ లాంటివి, అలా వాడొచ్చు, ఎందుకంటే ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పనిచేస్తుంది. రోజుకు మొత్తం ఎన్ని పఫ్‌లు దాటకూడదో మాత్రం చీటీ మీద రాయించుకోండి. అయితే సాల్మెటరాల్ ఉన్నవి, సెరోఫ్లో లాంటివి, అలా వాడకూడదు. అది నెమ్మదిగా మొదలవుతుంది, ఆయాసం మీద ఉన్నప్పుడు దాన్ని పీలుస్తూ కూర్చోకూడదు.

స్ప్రే మంచిదా, పౌడర్ మంచిదా?

స్ప్రే అంటే నొక్కితే మందు చిమ్మే డబ్బా, పౌడర్ అంటే పరికరంలో క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి మందు. మీరు సరిగ్గా పీల్చగలిగేదే మీకు మంచిది. ఇందులో ఖరీదైనది గొప్పది అనేదేం లేదు. నేనైతే వయసు, ఊపిరి బలం, చేతి పట్టు చూసి ఆలోచిస్తాను. నాలుగేళ్లలోపు పిల్లలకు స్ప్రే, స్పేసర్, మాస్క్, మూడూ కావాలి, ఇంకో దారి లేదు. నాలుగైదేళ్లు వచ్చి మూతితో గొట్టాన్ని గట్టిగా పట్టుకోగలిగితే మాస్క్ తీసేసి స్పేసర్ నేరుగా నోట్లో పెట్టించండి, మందు ఎక్కువ లోపలికి వెళ్తుంది. పౌడర్‌కి గట్టిగా, వేగంగా లాగే బలం కావాలి, కాబట్టి ఆరేళ్లు దాటాకే ఆలోచించాలి, అప్పుడు కూడా పిల్లాడు లాగగలడో లేదో చూశాకే. ముసలివాళ్లకు, బాగా ఆయాసపడే వాళ్లకు పౌడర్ లాగే శక్తి ఉండదు, వాళ్లకు స్ప్రే, స్పేసర్ మేలు. వేళ్ల కీళ్లనొప్పులతో స్ప్రే నొక్కలేని వాళ్లు ఉంటారు, చేతులు వణికేవాళ్లు క్యాప్సూల్ పెట్టలేరు, అవి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

కళాశాలకో, షిఫ్టుకో వెళ్లే వయసు వాళ్లు జేబులో పట్టేలా పౌడర్ పరికరం అడుగుతారు. బాగా లాగగలిగితే అది మంచి ఎంపికే. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి క్యాప్సూల్‌ని ముందే తీసి పెట్టుకోకూడదు, వాడే నిమిషంలోనే సీసాలోంచి తీయాలి, మూత వెంటనే బిగించాలి. తడి చేత్తో ముట్టుకుంటే పౌడర్ ముద్ద కడుతుంది.

స్ప్రే సరిగ్గా ఎలా పీల్చాలి?

భీమిలి వైపు నుంచి ఒక తాతగారు వచ్చి, "ఈ పంపు పనిసెయ్యట్లేదు బాబూ, వేరేది ఇవ్వు" అన్నారు. నా ఎదురుగా ఒకసారి వాడి చూపించమన్నాను. నోరు తెరిచి, పంపు పళ్ల ముందు పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కారు. నోట్లోంచి, ముక్కులోంచి తెల్లగా పొగలా బయటికి వచ్చింది. ఆ పొగే మందు. మూడు నెలలుగా అలాగే గాల్లో కలిసిపోయింది. స్పేసర్ ఇచ్చి రెండుసార్లు నేర్పించాను, తర్వాతి నెల వచ్చినప్పుడు కౌంటర్ దాకా ఆగకుండా నడిచి వచ్చారు.

స్పేసర్ లేకుండా అయితే ఇలా చేయాలి. మూత తీసి లోపల ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. బాగా కుదపండి. కొత్తదైనా, వారం పైగా వాడనిదైనా ముందు ఒకటి రెండు పఫ్‌లు గాల్లోకి వదలండి, కచ్చితంగా ఎన్ని అనేది పెట్టెలో కాగితం మీద ఉంటుంది. నిటారుగా కూర్చుని లేదా నిలబడి ఊపిరి మెల్లగా పూర్తిగా వదిలేయండి. గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టి పెదాలు మూయండి, నాలుక అడ్డం రాకూడదు. ఇప్పుడు నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెట్టి, అప్పుడే నొక్కండి, నొక్కాక కూడా పీల్చడం ఆపకండి, మూడు నాలుగు సెకన్లు పట్టాలి. తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, మొదటి నుంచి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కేయడం తప్పు.

పీల్చడం, నొక్కడం ఒకేసారి కుదరక ఎక్కువమంది తప్పుతారు. స్పేసర్ ఉంటే ఆ బాధే లేదు.

స్పేసర్ చిన్నపిల్లలకే కదా?

కాదు, పెద్దవాళ్లకూ. కంట్రోలర్ స్ప్రే వాడే ఎవరికైనా మంచిదే, నోట్లో, గొంతులో పడిపోయే మందు తగ్గుతుంది. పెద్దవాళ్లు ఒక పఫ్ వదిలి నెమ్మదిగా ఒక పెద్ద శ్వాస లాగి బిగబట్టొచ్చు, కుదరకపోతే మామూలుగా నాలుగైదు శ్వాసలు పీల్చినా చాలు. పిల్లలకు ఒక్కో పఫ్‌కి ఐదారు శ్వాసలు. స్పేసర్‌లోని కవాటం (ఊపిరితో తెరుచుకుని మూసుకునే చిన్న రేకు) కదలడం కనిపిస్తుంది, దాన్ని చూస్తూ లెక్కపెట్టండి.

మా పాపకి రెండేళ్లు, మాస్క్ పెట్టగానే ఏడుస్తుంది. ఏడ్చేటప్పుడు బాగా పీలుస్తుంది అంటున్నారు, నిజమేనా?

ఇది తప్పు, చాలా ఇళ్లలో ఇలాగే నమ్ముతున్నారు. ఏడ్చేటప్పుడు బయటికి వదిలే ఊపిరి పొడుగు, లోపలికి లాగేది ఒక్క ఎగపోత. మందు ఎక్కువగా గొంతులోనే పడుతుంది, పాప దాన్ని మింగేస్తుంది. పాపని ఒళ్లో వీపు మీకు ఆనేలా కూర్చోబెట్టుకోండి, ముందు రెండు మూడు రోజులు మందు లేకుండా ఖాళీ మాస్క్‌తో ఆడుకోనివ్వండి, బొమ్మకి పెట్టించండి, మీ ముఖానికి మీరు పెట్టుకోండి. మాస్క్ ముక్కునీ నోటినీ కప్పుతూ చెంపలకు గట్టిగా ఆనాలి, పక్కన చిన్న సందు ఉన్నా మందు సగం పోతుంది. బాగా నిద్రలో ఉన్నప్పుడు ఇచ్చేయొచ్చా అని అడుగుతారు, మాస్క్ తగలగానే లేచి ఏడ్చే పిల్లలే ఎక్కువ, కాబట్టి నమ్ముకోకండి. కంట్రోలర్ ఇచ్చాక తడిగుడ్డతో ముఖం తుడవండి.

క్యాప్సూల్ పౌడర్ ఎలా వాడాలి?

మింగకూడదు, ముందు ఇది రాయాలి, ఎందుకంటే మంచినీళ్లతో మింగేసిన వాళ్లని నేను చూశాను. రోటాహేలర్ అనే పరికరం అయితే క్యాప్సూల్‌లో పారదర్శకంగా ఉన్న కొసను కిందికి పెట్టి చదరపు రంధ్రంలో సమానంగా నొక్కి, కింది భాగం తిప్పితే అది రెండుగా విడిపోతుంది. ఊపిరి పక్కకి వదలండి, పరికరంలోకి ఊదొద్దు, పౌడర్ ఎగిరిపోవడమే కాకుండా తేమ కూడా పడుతుంది. తర్వాత పెదాలు బిగించి ఒక్కసారిగా గట్టిగా, లోతుగా లాగండి. స్ప్రేకి నెమ్మదిగా, పౌడర్‌కి గట్టిగా, ఈ తేడా గుర్తుంచుకోండి. పది అంకెలు బిగబట్టండి. తెరిచి చూడండి, లోపల పౌడర్ మిగిలి ఉంటే ఇంకోసారి లాగండి.

స్పేసర్‌ని ఎలా కడగాలి?

నెలకొకసారి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే లోపల స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకు అంటుకుపోతుంది. కొత్తది కూడా వాడే ముందు ఇలాగే ఒకసారి కడగాలి. వర్షాకాలంలో మన దగ్గర ఆరడానికి సమయం పడుతుంది కాబట్టి రాత్రి మందు వేసుకున్నాక కడిగి పెట్టుకుంటే ఉదయానికి సిద్ధంగా ఉంటుంది.

ఇంట్లో నెబ్యులైజర్ కొనుక్కోమంటారా?

నెబ్యులైజర్ అంటే ద్రవ మందుని పొగమంచులా చేసి పీల్పించే మిషన్. చాలామందికి అది అవసరం లేదు. మామూలు, మధ్యస్థ దాడుల్లో స్పేసర్‌తో ఇచ్చిన స్ప్రే నెబ్యులైజర్ అంత బాగానూ పనిచేస్తుంది, త్వరగా అయిపోతుంది, కరెంటు అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఇది నాకు కళ్లారా తెలిసింది, ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు కూడా చెట్లు పడ్డ రోడ్ల మీద నడుచుకుంటూ వచ్చి స్ప్రే, స్పేసర్ అడిగారు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే కొనండి. ఉన్నా సరే, స్పేసర్ ఒకటి ఇంట్లో ఉంచండి, తుపాను హెచ్చరిక రాగానే రిలీవర్, కంట్రోలర్ రెండూ సరిపడా ఉన్నాయో చూసుకోండి.

స్టెరాయిడ్ అంటే పిల్లాడు పొడుగు పెరగడట కదా?

టెన్షన్ పడే విషయమే, అందుకే దాచకుండా చెబుతాను. రోజూ పీల్చే స్టెరాయిడ్ వాడే పిల్లల్లో మొదటి ఏడాది రెండేళ్లలో పెరుగుదల కొద్దిగా తగ్గుతుంది. పెద్దయ్యాక చూస్తే తేడా దాదాపు ఒక సెంటీమీటరు. అదుపులో లేని ఉబ్బసం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, మాటిమాటికీ స్టెరాయిడ్ సిరప్‌లు, ఇవి పిల్లాడి పెరుగుదలకు అంతకంటే చేటు. ఇన్‌హేలర్‌లో ఉండేది మైక్రోగ్రాముల్లో, దాడి వచ్చినప్పుడు రాసే మాత్రలు మిల్లీగ్రాముల్లో. ఆరు నెలలకోసారి గోడ మీద ఎత్తు గీసుకోండి, డాక్టర్‌కి చూపించండి, వీలైనంత తక్కువ డోసులో ఉంచమని అడగండి.

నోట్లో తెల్లటి పూత, గొంతు బొంగురు వచ్చింది. మానేయాలా?

మానేయొద్దు. కంట్రోలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయండి. పళ్లు తోముకునే ముందు వాడితే ఇది తనంతట అదే జరిగిపోతుంది. పూత వచ్చేసి ఉంటే డాక్టర్‌కి చూపించండి, మందు ఉంది.

అయిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? నీళ్లలో వేసి చూడొచ్చా?

నీళ్లలో తేలుతుందా మునుగుతుందా అనే పరీక్ష నమ్మదగ్గది కాదు, డబ్బా కూడా పాడవుతుంది. లెక్కించే అంకె ఉన్న రకమైతే సున్నా రాగానే పారేయాలి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసి, 120 డోసులు అయితే రోజుకు నాలుగు చొప్పున 30 రోజులు అని లెక్కేసుకోండి. మందు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది, శబ్దాన్ని నమ్మకండి.

ఎక్కడ పెట్టుకోవాలి?

30 డిగ్రీలు దాటని చోట. బీచ్ రోడ్డులో ఎండలో పెట్టిన స్కూటీ డిక్కీ, కారు డాష్‌బోర్డు అస్సలు కాదు. వేడెక్కితే స్ప్రే డబ్బా పేలే ప్రమాదం ఉంది. రిలీవర్ మాత్రం మీతోనే ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. బడికి వెళ్లే పిల్లలకైతే ఒకటి టీచర్ దగ్గర.

నేను గర్భవతిని, ఆపేయాలా?

ఆపకండి. ఆయాసం అదుపు తప్పితే బిడ్డకి ప్రాణవాయువు తగ్గుతుంది, అదే పెద్ద ప్రమాదం. డాక్టర్‌కి చెప్పి కొనసాగించండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను, లంబసింగి వెళ్తాను, వెళ్లొచ్చా?

అదుపులో ఉంటే వెళ్లండి. 32 కిలోమీటర్ల నడక, ఆషాఢం ఉక్కపోత, జనం, దుమ్ము, కాబట్టి రెండు వారాల ముందు నుంచి కంట్రోలర్ ఒక్క పూట కూడా వదలకండి, రిలీవర్, స్పేసర్ భుజాన సంచిలో ఉంచుకోండి, పక్కన నడిచేవాళ్లకు ఎలా ఇవ్వాలో చూపించి పెట్టండి. లంబసింగి చలికి ముక్కూ నోరూ మఫ్లర్‌తో కప్పుకోండి. నడిస్తే, ఆడితే ఆయాసం వచ్చేవాళ్లు ముందుగా రిలీవర్ తీసుకోవాలా అని డాక్టర్‌ని అడగండి.

మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయించుకున్నాం, ఇక ఇన్‌హేలర్ ఆపొచ్చా?

నమ్మకం మీది, దాన్ని నేను కాదనను. కానీ అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు లేదు, ఇన్‌హేలర్ ఆపితే ప్రమాదం మాత్రం ఖాయం. ఆపకండి.

మందు సరిగ్గా వాడుతున్నా తగ్గట్లేదు, ఎందుకు?

ఇల్లు చూడండి. దోమల చుట్ట పొగ, అగరొత్తులు, గోడల చెమ్మ, బొద్దింకలు, పరుపులో దుమ్ము, ఇంట్లో ఎవరి సిగరెట్టో. పోర్టు, ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉండేవాళ్లు చలికాలం ఉదయం మంచులో దుమ్ము కిందికి దిగి ఉన్నప్పుడు నడకకి వెళ్లకుండా ఎండ వచ్చాక వెళ్లండి. దీపావళి రాత్రి, భోగి మంట దగ్గర పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంకోటి, బీపీకో, చేతుల వణుకుకో రాసే ప్రొప్రనలాల్, కొన్ని నొప్పి మాత్రలు కొందరికి ఆయాసం తెస్తాయి, ఏ మందు కొన్నా ఆస్తమా ఉందని చెప్పండి.

ఆయాసం ఎక్కువైతే ఏం చేయాలి?

పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. సాల్బుటమాల్ స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, ఒక్కొక్కటిగా, ప్రతిదానికీ నాలుగైదు శ్వాసలు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఇస్తూనే ఉండండి. డాక్టర్ మీకు వేరే ప్లాన్ రాసిచ్చి ఉంటే దాన్నే పాటించండి.

కొన్ని చూస్తే ఇవేవీ లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే బయల్దేరాలి, దారిలో పఫ్‌లు ఇస్తూ. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పిల్లలు డొక్కలు ఎగరేస్తూ పాలు తాగలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, మగతగా పడిపోవడం, ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గడం. పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి పిల్లాడు నీరసంగా ఉంటే తగ్గిందని సంబరపడకండి, గాలి ఆడట్లేదని అర్థం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

వాడుతున్న ఇన్‌హేలర్, స్పేసర్ రెండూ సంచిలో వేసుకెళ్లండి, కేజీహెచ్ అయినా, పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి అయినా, ప్రైవేటు క్లినిక్ అయినా. అక్కడ ఎదురుగా ఒకసారి వాడి చూపించి, సరిగ్గా చేస్తున్నానా అని అడగండి. బాగా వచ్చినవాళ్లు కూడా కొన్ని నెలలకు ఒక మెట్టు మర్చిపోతారు. అక్కడ రద్దీగా ఉండి కుదరకపోతే మందు కొనే షాపులో ఫార్మసిస్టుని అడగండి, కౌంటర్ మీద ఖాళీ డబ్బాతో చూపించడానికి మాకు రెండు నిమిషాలు చాలు.